గోడవతలి దాహం

సూర్యాపేట,
ఫిబ్రవరి 1948

అక్కకు,

నువ్వు పంపిన సీసాలు పగలకుండా చేరాయి. తడి ఇసుక నింపిన కుండలో పాతి, ఎండ తగలని మూలన పెట్టాను. ఇన్సులిన్ వేడికి చెడుతుందని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. ఆరేళ్ళుగా ఆ మందు మీదే బతుకుతున్నవాడిని, ఆ మాత్రం తెలియదా? అయినా పొద్దున సూది పట్టుకున్నప్పుడల్లా నువ్వు పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది.

బడి నడుస్తున్నది. మొన్న పిల్లలకు పిండిపదార్థం పాఠం చెప్పాను. మా ఉర్దూ పుస్తకం దాన్ని "నిషాస్తా" అంటుంది. పిల్లలు మాటను బట్టీ పడతారు కానీ అది రోజూ తమ కంచంలో ఉండేదేనని వాళ్ళకు తట్టదు. గంజిలో అయోడిన్ చుక్క వేసి చూపించాను. తెల్లటి గంజి నల్లనీలంగా మారేసరికి తరగతంతా లేచి నిలబడింది. తర్వాత ఒక్కొక్కరికి కొంచెం అన్నం ఇచ్చి, మింగకుండా నములుతూ ఉండమన్నాను. "తియ్యగైతుంది సార్!" అని ఒకడు అరిచాడు. అన్నమంటే చక్కెర రేణువులు ఒకదానికొకటి గొలుసులా పెనవేసుకున్నదేనని, నోట్లోని ఉమ్మి ఆ గొలుసును తెంపుతుందని చెప్పాను. మొక్క గాలినీ నీళ్ళనూ ఎండలో కలిపి ఆ చక్కెర చేసుకుంటుందంటే మాత్రం ఎవరూ నమ్మలేదు.

ఊరు బిగుసుకుపోతున్నది. పొద్దు గుంకితే తలుపులు వేసుకోవాల్సిందే. ఊరు దాటాలంటే పాస్ కావాలి. రజాకార్లు బస్సులు ఆపి మనుషులను దించుతున్నారు.

నిన్ను ఒక సంగతి అడగాలి. మా గోడ అవతల గోపమ్మ అని ఒకామె విస్తర్లు కుట్టి అమ్ముతుంది. భర్త లేడు. ఒక్కతే బిడ్డ, చంద్రమ్మ. పద్దెనిమిదేళ్ళుంటాయి. చివ్వెంలలో అత్తగారు పనికిరాదని పంపేశారు. గోడవతల కడవలో చెంబు ముంచిన చప్పుడు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. అడిగితే గోపమ్మ ఏడ్చింది.

"దానికేందో సోకింది సారూ. కడవలకు కడవలు నీళ్ళు తాగుతది. ఎంత తిన్నా కట్టె లెక్క ఎండిపోతున్నది. అది ఒంటికి పోయిన కాడ సీమలు పడుతున్నయి."

ఆ చివరి మాటతో నాకు తెలిసిపోయింది, నాకున్న చక్కెర జబ్బేనని. నా చక్కెర చూసుకునే నీలిమందుతోనే ఆ పిల్ల మూత్రం కాచి చూశాను. ఇటుక రంగుకు తిరిగింది. వాళ్ళకు నేనేం చెప్పాలి?

నీ తమ్ముడు,
సత్యానందం


మిర్యాలగూడ,
మార్చి 1948

చిరంజీవి సత్యానందానికి అక్క దీవెనలు.

ఆ పిల్ల సంగతి చదివి చాలాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను. ఇక్కడ కూడా అలాంటివాళ్ళు వస్తారు. దిష్టి తగిలిందని, గాలి సోకిందని తిప్పి తిప్పి, ఆఖరికి మంచం మీద మోసుకొస్తారు. అప్పటికి ఊపిరిలో మాగిన పండు వాసన వస్తూ ఉంటుంది. ఆ తర్వాత మేము చేయగలిగింది ఏమీ ఉండదు.

బెజవాడ నుంచి కోదాడ మీదుగా మందులు తెచ్చే మనిషి ఈసారి ఉత్త చేతులతో వచ్చాడు. సరిహద్దులో ఇటువాళ్ళు ఇంత, అటువాళ్ళు ఇంత ఆపేస్తున్నారట. మా డాక్టరుగారు సెలవు పెట్టి పోయినవారు మళ్ళీ రాలేదు. డిస్పెన్సరీలో నర్సును నేనొక్కదాన్నే ఉన్నాను. మలేరియాకు కొయినా లేదు, గాయాలకు కట్టే గుడ్డ లేదు.

ఆ పిల్లకు అన్నం, జొన్నరొట్టె, బెల్లం, పండ్లు మాన్పించు. ఆకుకూరలు, గుడ్లు, మాంసం, చిలికి వెన్న తీసిన మజ్జిగ కొంచెం పెట్టమను. ఇన్సులిన్ లేని రోజుల్లో పెద్ద డాక్టర్లు చేసింది కూడా ఇదే. దీనివల్ల జబ్బు పోదు, కొన్నాళ్ళు ఆలస్యమవుతుంది అంతే. ఆ సంగతి తల్లికి చెప్పకు.

ఇంకొక్క మాట, బాగా విను. నీ మందు నీదే. అమ్మ పోయేనాటికి నువ్వు నా చంకలో ఉన్నావు. నిన్ను ఎవరికీ పంచిపెట్టడానికి పెంచలేదు.

అక్క,
సువార్తమ్మ


సూర్యాపేట,
ఏప్రిల్ 1948

అక్కకు,

నువ్వు చెప్పినట్టే పథ్యం చెప్పాను. గోపమ్మ నా మీదికి లేచింది.

"అన్నం మాన్పియ్యమంటవా సారూ? ఆకలికి సచ్చేదాన్ని ఇంకింత మాడ్చాల్నా?"

"బువ్వ లోపటికి పోయినంక చక్కెరైతది గోపమ్మా. గా చక్కెర నెత్తుట్ల తిరుగుతది గాని కండలకు పోతలేదు. పోనిచ్చే రసం మన ఒళ్ళే తయారు చేసుకుంటది. నీ బిడ్డకు అది ఊరుతలేదు. అందుకే చక్కెరంతా ఉచ్చల పడి పోతున్నది. దాన్ని కడిగి పంపెతందుకే అన్ని నీళ్ళు తాగుతున్నది."

ఆమె కుడుతున్న విస్తరి పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "అంటే నెత్తుట్ల బువ్వ ఉన్నది, కండకు ఆకలి. గదేం రోగం సారూ! కంచం ముందల పెట్టి చేతులు కట్టేసినట్టు!"

కాలేజీలో ఇంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు.

చంద్రమ్మ అంతా వింటూ గడపలో కూర్చుంది. తర్వాత నన్ను అడిగింది, "గుడ్డు తింటే కాదు, బువ్వ తింటేనే ఎందుకైతది?" అని. ఆ పిల్ల ఏనాడూ బడికి పోలేదు. గుడ్డులో ఉన్నది వేరే పదార్థమని, అది చక్కెరల గొలుసు కాదని చెప్పాను. ఆనాటి నుంచి ఏది తిన్నా దేంతో చేసిందని అడుగుతుంది. చిలకడదుంప వద్దంటే, "గది భూమిల దాసుకున్న చక్కెర, గంతేనా?" అంది. నవ్వింది కూడా.

కొంచెం తేరుకుంది. లేచి తిరుగుతున్నది. విస్తర్లు కుడుతున్నది. నేను బాగానే ఉన్నాను, నీ ఆరోగ్యం చూసుకో.

సత్యానందం


మిర్యాలగూడ,
మే 1948

సత్యానందానికి,

పథ్యంతో ఎవరూ లేచి తిరగరు. చంద్రమ్మ నవ్విందని రాశావు చూడు, ఆ ముక్క దగ్గరే నాకు తెలిసిపోయింది. నా కళ్ళ ముందు ఎంతమంది పోయారో నీకు తెలియదు. ఇన్సులిన్ పడకుండా ఆ జబ్బుతో తేరుకున్న మనిషిని నేను ఒక్కరిని కూడా చూడలేదు.

నీ అక్షరాలు పెద్దవయ్యాయి. వరుస తప్పుతున్నాయి. నీకు కళ్ళు మసకేస్తున్నాయి. సగం నువ్వు వేసుకుని సగం ఆ పిల్లకు వేస్తున్నావు. కాదని రాయి చూద్దాం.

నా దగ్గర రెండు సీసాలున్నాయి. ఇక్కడ ఇంకెక్కడా లేవు, వచ్చే ఆశ కూడా లేదు. వాటిని నీకు పంపను. పంపితే ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. మిర్యాలగూడకు వచ్చి తీసుకో. నా కళ్ళ ముందు వేసుకో. ఒక్కడివే రా.

నేను రాయిని అనుకుంటావేమో. నిన్న ఒక తల్లి కాళ్ళ మీద పడింది, బిడ్డకు మలేరియా మందు కావాలని. లేదన్నాను. నిజంగానే లేదు. రోజంతా లేదు లేదు అంటూనే ఉన్నాను సత్యం. నీ ఒక్కడి విషయంలో ఆ మాట అనకూడదని దాచాను. ఇద్దరికి పంచితే ఇద్దరూ పోతారు. ఒకరికైతే ఒకరు ఉంటారు. ఇది నేను చేసిన లెక్క కాదు, మందు చేసే లెక్క.

నీ కోసం రోజూ ప్రభువుకు మొక్కుతున్నాను. రా.

అక్క


సూర్యాపేట,
జులై 1948

అక్కకు,

ఈ ఉత్తరం టప్పాలో వేయడం లేదు. మా బడికి కట్టెలు తోలే కిష్ట్యా అటువైపు తండాకు పోతున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను.

ఔను, నా మందు ఆ పిల్లకు ఇస్తున్నాను. మార్చిలో ఒకనాడు గోపమ్మ గోడ మీద చేతులతో బాదింది. పోయి చూస్తే చంద్రమ్మ చాప మీద పడి రొప్పుతున్నది. గదంతా మాగిన పండు వాసన. చక్కెర అందని ఒళ్ళు తన కొవ్వును తానే కాల్చుకుంటున్నదని నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ వయసులో నా ఊపిరిలోనూ అదే వాసన వచ్చింది, నువ్వు నన్ను ఎత్తుకుని రైలెక్కించావు. ఇసుక కుండలో చెయ్యి పెట్టినప్పుడు నీ మాట గుర్తుకు రాలేదని అనను. వచ్చింది. సీసా తీశాను.

చంద్రమ్మ రోజూ పొద్దున వస్తుంది. సూది వేడినీళ్ళలో ఉడకబెట్టడం తానే నేర్చుకుంది. గోపమ్మ మాత్రం గుమ్మం అవతలే మొహం తిప్పుకుని నిలబడుతుంది.

బడి మూసేశారు. అందులో ఇప్పుడు తుపాకుల వాళ్ళున్నారు. ప్రయోగాల గదిలో సీసాలన్నీ పగలగొట్టారు. మిర్యాలగూడకు పాస్ అడగడానికి పోతే, "ఏ దళానికి మందులు మోస్తున్నవ్ మాస్టర్?" అని ఎదురడిగి, నా పేరు రాసుకున్నారు. అప్పటి నుంచి వీధి చివర ఒకడు కూర్చుని మా ఇంటి వైపే చూస్తుంటాడు. నేను బావికి పోతే లేచి నిలబడతాడు. రెండు గోడల మధ్య, ఒక కుండతో ఇద్దరం మిగిలాం. కుండలో ఆఖరి సీసా ఉంది.

నీ లెక్క తప్పు కాదు. కానీ ఆ పిల్లను వదిలి ఒక్కడినే రమ్మంటున్నావు, అది నాకు చేతకాదు. ఇద్దరం వస్తే నీ రెండు సీసాలు ఎన్నాళ్ళని వస్తాయి? కోదాడ దాటితే సరిహద్దు, అవతల జగ్గయ్యపేట. అక్కడ మందుల అంగడి ఉంది, బెజవాడ బస్సు ఉంది. కోదాడలో గోపమ్మ పినతండ్రి కొడుకు వీరేశం వడ్ల వ్యాపారం చేస్తాడు. అతని ఇంటి దాకా బండి మీద చేరుస్తానని కిష్ట్యా మాట ఇచ్చాడు. అతను తిరిగి రాగానే ఇద్దరం బయలుదేరుతాం. బండిలో ముగ్గురికి చోటు లేదు, గోపమ్మ ఇక్కడే ఉంటుంది.

నా మీద కోపం పెట్టుకోకు.

సత్యం


కోదాడ,
ఆగస్టు 1948

అక్కా,

గీతలు వంకరగా పోతున్నాయి. చదువుకో.

వరిగడ్డి కింద పడుకుని వచ్చాం. రహదారి వదిలి డొంకదారుల్లో తోలాడు కిష్ట్యా. ఒకచోట రజాకార్లు బండి ఆపి గడ్డిలోకి బరిసె పొడిచారు. అది చంద్రమ్మ కాలు గీరుకుంటూ పోయింది. నోట్లో కొంగు కుక్కుకుంది, చప్పుడు చేయలేదు. అంతకు ముందే నాతో గుసగుసలాడుతూ అడిగింది, ఈ గడ్డి దేంతో చేసిందని. అదీ చక్కెరేనని చెప్పాను. అవే రేణువులు, ముడి వేసిన తీరే వేరు. ఎద్దు కడుపులో ఆ ముడి విప్పే పురుగులున్నాయి, మనకు లేవు. "ఇంత బువ్వ కింద పండుకుని ఆకలితోని పోతున్నం" అంది.

ఇక్కడికి వచ్చాక కదలలేకపోయాం. సరిహద్దు మూసేశారు. అవతలి ఊరి దీపాలు కనపడతాయని వీరేశం చెప్తాడు, నాకు కనపడవు. వడ్ల బస్తాల వెనక కొట్టంలో ఉన్నాం. ఎడతెగని వాన. ఆమె కాలు చీము పట్టి జ్వరం వచ్చింది. జ్వరానికి చక్కెర ఇంకా రేగుతుంది, ఇంకా మందు కావాలి. సీసా అయిపోయింది.

వీరేశం మంచివాడు. "మా ఇంట్లో ఇన్ని వడ్లున్నాయి మాస్టారూ, మీకు పనికొచ్చేది ఒక్క గింజ లేదేమిటండీ" అని తల పట్టుకున్నాడు.

ఆ రెండు సీసాలు పంపు. కిష్ట్యా వస్తున్నాడు. మా ఇద్దరికీ అని పంపు.

సత్యం


కోదాడ,
అక్టోబరు 1948

సువార్తమ్మ గారికి,

ఇప్పుడు చూపు కొంత తేటపడింది. బెజవాడ నుంచి పటాలం వచ్చిన తర్వాత దారి తెరుచుకుంది. మందు వస్తున్నది. వీరేశం ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

మీరు మోకాలి లోతు బురదలో, కాన్పు చేయడానికి పోతున్నానని దారి పొడుగునా చెప్పుకుంటూ, కిష్ట్యా వెంట వచ్చారని వీరేశం చెప్పాడు. అప్పటికి నాకు తెలివి లేదు. సూది మీద సూది వేసి, చెంచాతో ఉప్పునీళ్ళు పోసి, నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారట. నేను కళ్ళు తెరిచి మనుషులను గుర్తుపట్టాకే మిర్యాలగూడకు బయలుదేరారు. నన్ను బతికించారు. కృతజ్ఞత చెప్పాలని వీరేశం అంటున్నాడు, చెప్తున్నాను.

నేను కళ్ళు తెరిచినప్పుడు చంద్రమ్మ ఏదని అడిగితే మీరు "తర్వాత" అన్నారు. మీరు వచ్చిన రోజుకు ముందు రోజే దహనం చేశారని మీరు వెళ్ళాక తెలిసింది. ఆమె ఆఖరి రోజులు మీరు చూడలేదు కనుక చెప్తాను. నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. "నేను ఇన్నేండ్లు తిన్న బువ్వ యాడికి పోలేదు సారూ, నా నెత్తుట్లనే తిరుగుతున్నది, గంతేనా?" అని అడిగింది. ఔనన్నాను. తర్వాత వేడన్నం, పప్పు కావాలంది. అన్ని నెలలు వద్దు వద్దు అన్న నోటితోనే వీరేశం భార్యను వండమని అడిగాను. నాలుగు ముద్దలు నేనే తినిపించాను. "పానం సల్లగున్నది" అని కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత నాకూ ఏమీ తెలియదు.

మీ లెక్క సరిగ్గా వచ్చింది. ఒకరు ఉన్నారు.

నేను ఇంకా నడవలేను. కూతురు పోయిందని కిష్ట్యా గోపమ్మకు చెప్పాడు. అంతకు మించి అతనికి తెలియదు. మీరు సూర్యాపేటకు వెళ్ళండి. మందు ఉందని, అది ఎక్కడ ఉందో, ఎందుకు రాలేదో ఆమెకు చెప్పండి. నా నోటితో చెప్తే మిమ్మల్ని వెనకేసుకొస్తాను. అందుకే మీరే చెప్పాలి.

సత్యానందం


సూర్యాపేట,
నవంబరు 1948

సత్యానందానికి,

వచ్చాను. మూసీ మీద వంతెన తెగిపోయి ఉంది, పడవలో దాటాను. గోపమ్మ ఇల్లు అడిగితే ఒక ముసలాయన చూపించాడు. నీ గది తలుపు ఊడి ఉంది. కుండ పగిలి ఇసుకంతా గడపలోకి వచ్చింది.

ఆమె జొన్నలు విసురుతున్నది. నేను ఎవరో చెప్పాను. "సారు అక్కవా? సారు ఎట్లున్నడు?" అని తిరుగలి ఆపి చాప వేసింది. నీళ్ళు ఇచ్చింది. ఆ నీళ్ళు తాగడం నాకు కష్టమైంది.

దారంతా నేను ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. డిస్పెన్సరీ సంగతి, డాక్టరు లేని సంగతి, ఇద్దరికి పంచితే ఇద్దరూ పోతారన్న సంగతి. ఆమె ముందు కూర్చున్నాక అవేవీ నోటికి రాలేదు. "మందు నా కాడ ఉండె. నా తమ్మునికే అని పంపలేదు" అన్నాను. అంతే అన్నాను.

తిట్టిపోస్తుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

"మీ కాడ ఎప్పటి సంది ఉండె?" అంది.

"ఎండకాలం నుంచి."

"వీళ్ళు బండెక్కక ముందు సంది?"

"ఔ."

తిరుగలి చుట్టూ పడిన పిండిని చేత్తో దగ్గరికి తీసింది. ఆ తర్వాత అడిగింది, "గా సీసా ఎట్లుంటది? బిడ్డ సూది ఏసుకునేటప్పుడు నేను మొకం తిప్పుకునేదాన్ని. ఒక్కనాడూ సూడలే."

రెండో సీసా నా సంచిలోనే ఉంది. దారి తెరుచుకుని మందు వచ్చే దాకా కోదాడలో నీకు మొదటిది సరిపోయింది. దీన్ని డిస్పెన్సరీ బీరువాలో పెట్టాలంటే చేతులు రాలేదు, తడిగుడ్డ చుట్టి వెంట తిప్పుకుంటున్నాను. తీసి ఇచ్చాను. పిండి అంటిన అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు పట్టి చూసింది. అటూ ఇటూ వంచింది. లోపల నీళ్ళలాంటి మందు కదిలింది.

"గింతేనా?" అంది.

సీసాను గుప్పిట్లో మూసి మళ్ళీ తెరిచింది.

"గింతదానికేనా నా బిడ్డ గడ్డి కింద పండుకుని గంత దూరం పోయింది?"

ఆమె ఏడవలేదు. సీసాను కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "పట్కపో అమ్మా. సారు బతకాలె గద" అంది. మళ్ళీ తిరుగలి దగ్గర కూర్చుని విసరడం మొదలుపెట్టింది.

పొమ్మనలేదు. ఉండమనలేదు. నాకు లేవబుద్ధి కాలేదు. పొద్దు వాలేదాకా ఆ గడపలోనే కూర్చున్నాను. ఒకసారి గింజలు అందివ్వబోతే నా చెయ్యి పక్కకు జరిపింది, మెల్లగానే. తర్వాత ఇంకోసారి అందిస్తే తీసుకుంది.

ఈ రాత్రికి నీ గదిలో ఉంటాను. రేపు కూడా ఆమె దగ్గరికి వెళ్తాను. ఆ తర్వాత ఏమిటో తెలియదు.

సీసా ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నాకు జవాబు రాయకపోయినా సరే. వేసుకో.

సువార్తమ్మ